తగువుల క్లబ్బు మేడం గారు

మొన్న ఆదివారం పొద్దున్నే మా పాత స్కూలు వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఫొటో పడింది. కింద "మన క్లబ్బుల మేడం గారు ఇక లేరు" అని కరస్పాండెంటు గారి మాట. దాని కింద వరసగా దండాలు. దండం బొమ్మ పెట్టడానికి వేలు ఆనిస్తే చాలు కాబట్టి అందరూ పెట్టారు. ఆవిడ బడి వదిలి వెళ్ళిపోతున్నప్పుడు నోరు మెదపని వాళ్ళు కూడా పెట్టారు. ఆ "మన" దగ్గర నాకు ఒళ్ళు మండింది. ముందు క్లబ్బులు తీసేశారు, తర్వాత ఆవిణ్ణి తీసేశారు, ఇప్పుడు రెండింటినీ కలిపి ఒక పేరు చేసి దాని ముందు "మన" తగిలించారు.

నేను ఆ బళ్ళో చాలాకాలం తెలుగు చెప్పి ఈమధ్యే మానేశాను. మానేశాను కాబట్టే ఇది రాయగలుగుతున్నాను, ఇందులో నా ధైర్యమేమీ లేదు. గ్రూపులోంచి బయటికి రాకపోవడం ఉత్త బద్ధకం. ఆ బద్ధకం వల్లే ఆవిడ పోయిన సంగతి తెలిసింది.

ఆవిడ ఆరు, ఏడు తరగతులకి ఇంగ్లీషు చెప్పేవారు. భారీ మనిషి, గొంతు ఇంకా భారీ. ఆ గొంతు కోసమని బుగ్గలో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. వరండాలో ఆవిడ నడిచొస్తూంటే వాసనతోనే తెలిసిపోయేది. మేమెవరం వచ్చినా పిల్లలు కబుర్లు ఆపేసేవారు. ఆవిడ వస్తే మాత్రం గొంతు పెంచేవారు. ఆ బళ్ళో ఇంకే టీచరుకీ ఆ మర్యాద దక్కలేదు.

స్టాఫ్ రూములో ఆవిడ పక్కన కూర్చోవడం మాకో పరీక్ష. ఏ మాటన్నా దానికి అవతలి పక్కన ఉండేవారు. ఎండ మండిపోతోందని మేమంటే, "ఎండ లేకపోతే మీ మాగాయ ముక్కలు ఎలా ఎండుతాయండి?" అనేవారు. ఒకసారి కొడుకుని కొట్టారని ఒక తండ్రి తగువుకొచ్చి వెళ్ళాడు. మేమంతా ఆయన్ని తిట్టుకుంటూంటే, "ఇంట్లో ఒక్క దెబ్బ కొట్టకుండా పెంచుకున్నాడు. మనం కొడితే ఊరుకుంటాడేంటండి?" అని ఆయన తరఫున లేచారు. మర్నాటికి మాకూ జాలేసి, పాపం మంచివాడేలే అనుకుంటున్నాం. "మంచివాడైతే మాత్రం? చిన్నపిల్లల ముందు అంతంత కేకలేంటండి?" అని ఇటు తిరిగారు.

"మీరసలు ఏ వైపండీ?" అని లెక్కల మాస్టారు విసుక్కున్నారు.

"ఎవరూ లేని వైపండి. అక్కడ కాస్త గాలాడుద్ది" అన్నారు లవంగాన్ని ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మారుస్తూ.

వాళ్ళ లూథరన్ చర్చిలో స్త్రీల సమాజం కూడినా ఇదే వరసట. ఎవరిని తప్పుపట్టినా వాళ్ళ తరఫున లేచి నిలబడేవారు. ఆవిడ రాకముందే ప్రార్థన ముగించేద్దామని మిగతావాళ్ళు తొందరపడేవారని ఆవిడే నవ్వుతూ చెప్పారు. ఒకసారి పాలకొల్లు మార్కెట్‌కి ఆవిడతో వెళ్ళాను. వంకాయలమ్ముతున్న ఒకమ్మాయి దగ్గర కూలబడి, "చీకటితో లేచి తెచ్చుకున్నావు, ఎండలో కూచున్నావు, మెత్తబడినవి పారేసుకుంటావు. నువ్వు చెప్పిన రేటు న్యాయమేనమ్మా. ఇంక నా వైపు చెప్తాను విను" అని మొదలుపెట్టారు. ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి, "పట్టుకెళ్ళిపోండమ్మా, మీతో నేను పడలేను" అని అడక్కుండానే తగ్గించేసింది. ఆవిడకి కోపం వచ్చింది. "నా మాట వినకుండానే ఓడిపోతావేంటి?" అని కసిరి, మొదట చెప్పిన రేటే ఇచ్చి వచ్చేశారు. దారిపొడుగునా ఆ అమ్మాయి ఏం చెప్పి ఉంటే తను ఓడిపోయేవారో నాకు వివరించారు. నాకు తలనొప్పి వచ్చింది.

ఇంక క్లబ్బుల సంగతి. మా బడి పాలకొల్లుకి కాస్త అవతల, కాలవ గట్టున ఉంటుంది. శనివారం ఆఖరి రెండు పీరియడ్లు క్లబ్బులకని కరపత్రాల్లో రంగు బొమ్మలతో వేసేవారు. మొక్కల క్లబ్బు ఏటా ఒకే గోతిలో మొక్క నాటేది. ఫొటో అయిపోయాక నీళ్ళు పోసేదెవరో తేలేది కాదు. సైన్సు క్లబ్బుకి ఒక అగ్నిపర్వతం ఉండేది, ఎవరైనా పెద్దమనిషి వచ్చినప్పుడల్లా అది వంటసోడా నురగ కక్కేది. చదరంగం క్లబ్బులో మంత్రి తప్పిపోతే పెన్ను మూతని మంత్రిగా పెట్టుకున్నారు. నాకు సాహిత్య క్లబ్బని పేరిచ్చి, పిల్లల్ని చేతిరాత పోటీలకి తయారుచేయమన్నారు. ఇన్నిట్లో నిజంగా నడిచింది ఆవిడ క్లబ్బొక్కటే.

దాని పేరు వాదనల క్లబ్బు. పిల్లలు తగువుల క్లబ్బనేవారు. గది ఖాళీ లేదని బస్సుల షెడ్డు చూపించారు ఆవిడకి. రెండు పసుపుపచ్చ బస్సులు ఎదురెదురుగా తలుపులు తీసి పెట్టించి, మధ్యలో నీడపట్టున పిల్లల్ని కూర్చోబెట్టేవారు. ఒక వైపు మాట్లాడేవాళ్ళు ఈ బస్సు ఫుట్‌బోర్డు ఎక్కాలి, రెండో వైపు వాళ్ళు ఆ బస్సు ఫుట్‌బోర్డు ఎక్కాలి. బడి వదిలేదాకా డ్రైవర్లకి పనుండదు కాబట్టి స్టీరింగు దగ్గరే కూచుని వినేవారు. టైము మించితే హారన్ కొట్టడం వాళ్ళ వంతు. ఎవరైనా రసపట్టులో మాట్లాడుతూంటే ఆ సంగతి మరిచిపోయేవారు.

"ఏంటయ్యా, నిద్రపోయావా?" అని ఆవిడ అరిస్తే, "ఆయ్, లేదండి, ఇంటన్నానండి" అనేవాడు పెద్ద డ్రైవరు.

వేదిక మీదున్న పెద్దలకి నమస్కారాలు, నా తోటి విద్యార్థులకి అభినందనలు అని మొదలుపెడితే ఆవిడ ఊరుకునేవారు కాదు. "బస్సు ఎక్కి దండాలెందుకు? విషయానికి రా" అనేవారు. ఎవరు ఏ వైపు మాట్లాడాలో ఆవిడ దగ్గరున్న పాత బిస్కెట్ల డబ్బా చెప్పేది. అందులో చీటీలుండేవి. ఏ చీటీ వస్తే ఆ వైపు మాట్లాడాలి, అది నీకు నచ్చినా నచ్చకపోయినా. ఒకరి చీటీ ఒకరు మార్చుకోవడం లేదు, మళ్ళీ తీయడం లేదు. అంతా అయ్యాక చివర్లో అందరూ బస్సులు దిగి కిందకొచ్చి, ఒక్కొక్కరూ "సొంత మాట" చెప్పాలి. ఇందాక చీటీ కోసం మాట్లాడాను, నేను నిజంగా అనుకునేది ఇదీ అని. సొంత మాట చెప్పకుండా ఎవరినీ ఇంటికి వెళ్ళనిచ్చేవారు కాదు. దానికోసం బస్సుల్ని ఆపించిన రోజులున్నాయి.

ఒకసారి ఇంట్లో రొయ్యల చెరువులున్న కుర్రాడికి "చెరువులు తవ్వడం ఆపాలి" అనే చీటీ వచ్చింది. వాడి మొహం పాలిపోయింది. "మా నాన్న కొడతారు మేడం" అన్నాడు.

"మీ నాన్న తరఫున రోజూ ఉంటావు కదరా. ఇవాళ పక్క పొలం ఆయన తరఫున ఉండు. ఉప్పునీళ్ళు ఎక్కింది ఆయన చేలోకే కదా" అన్నారు.

వాడు మాట్లాడాడు, నీళ్ళు నములుతూనే మొదలుపెట్టి ఆఖరికి బల్ల గుద్దినట్టు మాట్లాడాడు. సొంత మాట దగ్గరకొచ్చాక, "మా నాన్నదే రైటు. కానీ పక్క పొలం తాతకి కూడా ఏదోటి చెయ్యాలండి" అన్నాడు. ఆవిడ చప్పట్లు కొట్టలేదు. ఎవరెంత బాగా మాట్లాడినా కొట్టేవారు కాదు. కొంగు భుజం మీదికి లాక్కుని కాలవ వైపు చూసేవారు. అదే మెచ్చుకోలని పిల్లలకి తెలుసు.

ఆ క్లబ్బులో భవాని అని ఒక పిల్ల ఉండేది. దిగువ ఊరినుంచి బస్సులో వచ్చేది. వాళ్ళమ్మ రొయ్యల ప్లాంటులో వొలుపు పనికి వెళ్ళేది. పిల్ల లెక్కల్లో, సైన్సులో అంతంతమాత్రం. నోరు మాత్రం మహా పదును. ఆ నోటి మూలంగా తొమ్మిదో తరగతి బయట వరండాలో నిలబడని వారం లేదు. శనివారం ఒక్కరోజు ఆ నోటికి పని దొరికేది. "శనారం జొరమొచ్చినా ఆగదండి" అని వాళ్ళమ్మ నాతో అంది ఒకసారి.

తల్లిదండ్రుల సమావేశం దగ్గరపడింది. ఈసారి పిల్లలచేత వాదన పెట్టిద్దామని కరస్పాండెంటు గారే అన్నారు. విషయం కూడా ఆయనే ఇచ్చారు: హైస్కూలు పిల్లలకి క్లబ్బులు అవసరమా? ఆయన గురించి ఒక మాట చెప్పాలి. చాలా మర్యాదస్తులు. మావైపు మర్యాద ఎలాంటిదంటే, గొంతు నొక్కేటప్పుడు కూడా "కాస్త తల పైకెత్తండి" అంటారు. శనివారం పీరియడ్లని ఐఐటీ ఫౌండేషన్ క్లాసులకి తీసుకోవాలని ఆయనకుందని మాకందరికీ తెలుసు. ఆవిడకీ తెలుసు.

నేను ఆవిడతో చెప్పాను. "ఈ ఒక్కసారికి డబ్బా పక్కన పెట్టండి మేడం గారూ. అవసరమే అనే వైపు భవానికి మీరే ఇచ్చెయ్యండి. ఆ పిల్ల మాట్లాడితే ఇంక తిరుగుండదు."

"అలా చేశాక ఇంక క్లబ్బు దేనికండి?" అన్నారు.

డబ్బాలో చెయ్యి పెడితే భవానికి "అవసరం లేదు" వచ్చింది. ఒక డాక్టరు గారి అబ్బాయికి "అవసరం" వచ్చింది. పిల్ల అక్కడే ఏడ్చేసింది. "నేను చెప్పలేను మేడమండి. నాకు బళ్ళో ఇదొక్కటే ఇష్టం" అంది. ఆవిడ దాన్ని బస్సు మెట్టు మీద కూర్చోబెట్టుకున్నారు. "ఇంటికెళ్ళి మీ అమ్మనడుగు. శనివారం నువ్విక్కడ ఏం చేస్తావో అంతా చెప్పి, ఆవిడేమంటారో విను. అదొచ్చి చెప్పు చాలు" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క నేర్పలేదు. నేను పక్కనే ఉన్నాను.

సమావేశం రోజున షామియానా కింద జనం నిండిపోయారు. భవాని మైకు పట్టుకుంది. నమస్కారాలు లేవు.

"మా అమ్మకి శనివారం క్లబ్బు లేదండి" అని మొదలుపెట్టింది. "శనివారం కూడా కారేజీ కట్టుకుని ప్లాంటుకెళ్ళుద్దండి. పొద్దుగూకులూ ఐసులో చేతులు పెట్టి రొయ్యలు వొలుస్తాదండి. వేళ్ళు ఉబ్బిపోయి తెల్లగా పాలిపోతాయండి. రాత్రి అన్నం కలుపుకోలేక చెంచాతో తింటాదండి. ఆ వేళ్ళతోనే నన్ను ఈ బడికి పంపింది. శనివారం నేను బస్సెక్కి కబుర్లు చెప్తన్నానని మా అమ్మతో చెప్పానండి. 'కబుర్లు నాకూ వచ్చమ్మా, నువ్వు చదువుకో' అందండి."

ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు. పక్కన చూస్తే ఆవిడ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అంత పెద్ద చేతులతో, పదిమందీ తిరిగి చూసేలా. తన క్లబ్బు పునాదులు ఆ పిల్ల తవ్వేస్తూంటే ఆవిడ మొహం పెళ్ళివారి ఇల్లులా వెలిగిపోతోంది. తర్వాత డాక్టరు గారబ్బాయి లేచి, మా బడి కరపత్రంలో ఉన్నదే అప్పజెప్పి కూచున్నాడు.

భవాని మళ్ళీ మైకు దగ్గరికొచ్చింది. "ఇప్పుడు నా సొంత మాటండి" అంది. కరస్పాండెంటు గారు లేచి, ఆ పిల్ల తల నిమిరి, మైకు తీసేసుకున్నారు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి, అది కూడా చెప్పాలి.

"చాలు తల్లీ, ఇంతకంటే ఏం చెప్తావు?" అన్నారు. "చూశారాండి, పిల్లలే మన కళ్ళు తెరిపించారు. వచ్చే వారం నుంచి శనివారం రెండు పీరియడ్లూ ఫౌండేషన్ క్లాసులేనండి. ముఖ్య అతిథి గారికి వేరే ప్రోగ్రాం ఉంది, ఆయన్ని రెండు మాటలు మాట్లాడమని కోరుతున్నాను."

"సార్, ఇంకా అవ్వలేదండి. సొంత మాట ఉందండి" అని ఆవిడ వెనకనుంచి అరుస్తూ వేదిక వైపు నడిచారు. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. ఆ గొంతు చాలకపోవడం నేను చూడటం అదే మొదలు. ముఖ్య అతిథి అప్పటికే మైకు సర్దుకుంటున్నారు.

సాయంత్రానికల్లా ఆ వీడియో తల్లిదండ్రుల గ్రూపులన్నిట్లోనూ తిరిగింది. వాళ్ళమ్మ వేళ్ళ దగ్గర మొదలై, "నువ్వు చదువుకో" దగ్గర ఆగిపోయేది. సోమవారం నుంచి బస్సులో పిల్లలు భవానికి సీటివ్వడం మానేశారు. నీ వల్లే పోయింది అన్నారు. ఆ పిల్ల నిలబడే వచ్చేది, నిలబడే వెళ్ళేది.

ఆ వారంలోనే ఆవిడా నేనూ కరస్పాండెంటు గారి గదికి వెళ్ళాం. కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. చీటీల సంగతి, సొంత మాట సంగతి ఆవిడ అంతా చెప్పారు. ఆయన శ్రద్ధగా తలూపుతూ విన్నారు.

"నాకూ క్లబ్బులంటే ఇష్టమేనండి. ఆ వీడియో చూసి క్లబ్బులొద్దంటున్న పేరెంట్స్‌కి ఏం చెప్పమంటారు?" అన్నారు. "ఒక పని చేద్దామండి. సోమవారం అసెంబ్లీలో ఆ పాపచేత ఒక్క మాట చెప్పించండి. అవి నా మాటలు కావు, క్లబ్బులో చెప్పమంటే చెప్పాను, తప్పయింది, అని. అది కూడా గ్రూపులో పెట్టేద్దాం. ఇంక ఎవరూ ఏమీ అనరండి. శనివారాల సంగతి అప్పుడు మళ్ళీ ఆలోచిద్దాం."

"తప్పయిందని చెప్పాలాండి?" అన్నారు ఆవిడ.

"ఒక్క మాటేనండి."

ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, "వద్దులెండి" అని లేచారు.

బయట కాలవ గట్టు మీద ఇద్దరం పోట్లాడుకున్నాం. నాకు చాలా కోపం వచ్చింది. "ఆయనన్నదాంట్లో అబద్ధమేముందండి? అవి చీటీ మాటలేగా? చెప్పిస్తే ఏం పోయింది?" అన్నాను.

"అందులో వాళ్ళమ్మ వేళ్ళున్నాయండి. అవి కూడా చీటీవేనా?" అన్నారు. "కన్నతల్లి కష్టం చెప్పి, తప్పయిందని చెప్పమంటారా వందలమందిలో? బాగా మాట్లాడినందుకు చెంపలేసుకున్న పిల్ల మళ్ళీ జన్మలో నోరెత్తదండి. నేను చెప్పించను."

"మరి క్లబ్బు?"

"పోతుంది."

"ఇంగ్లీషుకి తక్కువ జీతానికి కొత్తవాళ్ళు దొరుకుతారు, క్లబ్బు కూడా లేకపోతే మిమ్మల్ని ఉంచరు. అది తెలుసా?"

"తెలుసండి."

నాకు ఉక్రోషం వచ్చింది. "ప్రతిదానికీ అవతలి పక్క చెప్తారుగా. దీనికీ చెప్పండి" అన్నాను.

"దీనికి అవతలి పక్క లేదండి" అన్నారు. ఆ నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. గట్టు దిగుతూ నాచేత ఒట్టు వేయించుకున్నారు, ఈ బేరం సంగతి భవానికి ఎప్పటికీ తెలియకూడదని. తెలిస్తే తనే పరిగెత్తుకుంటూ వెళ్ళి స్టేజీ ఎక్కేస్తుందన్నారు.

ఆ తర్వాత ఆ పిల్ల ఎదురైతే ఆవిడ మొహం పక్కకి తిప్పుకునేవారు. "దాని మొహం చూస్తే దాచలేనండి, నా నోటి సంగతి మీకు తెలుసుగా" అన్నారు నాతో. ఆ ఏడాది ఆఖరున శాలువా కప్పి పంపించేశారు. ఆరు, ఏడు తరగతులకి కొత్తమ్మాయిని తీసుకున్నారు. ఆవిడ ధవళేశ్వరంలో తమ్ముడి ఇంటికి వెళ్ళిపోయారు. ఫోన్ చేస్తే, చర్చిలో ఆదివారం బడి పిల్లలకి చెప్తున్నానని, అక్కడ తగువులు పెట్టనివ్వట్లేదని నవ్వేవారు.

మొన్న ఆ ఫొటో చూసిన ఆదివారం మధ్యాహ్నానికి బస్సు పట్టుకుని ధవళేశ్వరం చేరాను. సమాధుల దొడ్లో పాతికమందిమి ఉంటాం. కరస్పాండెంటు గారు కారులో పెద్ద పూలచక్రంతో వచ్చారు. పాస్టరు గారు రెండు మాటలు చెప్పమంటే ముందుకొచ్చి నిలబడ్డారు.

"మా స్కూల్లో ఒకసారి ఒక పాప మాట్లాడిందండి. వాళ్ళమ్మ కష్టం గురించి. ఆ రోజు నేను ఏడ్చానండి, సిగ్గుపడకుండా చెప్తున్నాను. ఆ పాపని అంతగా తయారుచేసింది ఈ మహాతల్లేనండి" అన్నారు. అందరూ తలలూపారు. ఆయనకి నాలుగు బారల దూరంలో, చున్నీ తల మీదుగా కప్పుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. భవాని. రాజమండ్రిలో ఇంటరు చదువుతోందని తర్వాత చెప్పింది. ఆయన ఆనవాలు పట్టలేదు. ఆ అమ్మాయి తలెత్తలేదు.

మట్టి వేసి అందరూ కదిలిపోతూంటే నా దగ్గరకొచ్చింది. "బాగున్నారాండి, తెలుగు మేడం గారూ?" అంది. వినపడక నేను ముందుకి వంగాల్సి వచ్చింది.

"నేనిక్కడికి రావచ్చో రాకూడదో అనుకున్నానండి."

"అదేం మాటమ్మా?"

"మేడం గారు నా మీద కోపంతోనే కదండీ వెళ్ళిపోయారు? ఆ మీటింగ్ తర్వాత ఒక్క రోజు కూడా నాతో మాట్లాడలేదండి. వరండాలో ఎదురైతే మొహం తిప్పేసుకునేవారండి."

ఇంక ఆ ఒట్టు ఎవరికోసం దాచుకోవాలి? అక్కడే గోడ పక్కన నిలబడి అంతా చెప్పేశాను, కరస్పాండెంటు గారి గదిలో మాటలు, గట్టు మీద మాటలు, ఒట్టుతో సహా. ఈ పిల్ల గుండె మీద బరువు దించేస్తున్నానని నాకు లోపల తృప్తిగా కూడా ఉంది.

భవాని చివరిదాకా విని, "అంటే సారుగారు అడిగింది నన్ను తప్పయిందని చెప్పమనేనాండి?" అంది.

"అంతేనమ్మా."

"చెప్తే మేడం గారు ఉండేవారాండి?"

"ఏమో. ఆయన మాట మీద ఏం నమ్మకం? ఉండేవారేమో."

"మరి నన్నడగలేదేంటండి?"

"నువ్వు ఒకసారి అలా చెంపలేసుకుంటే మళ్ళీ నోరెత్తవని భయపడ్డారు తల్లీ."

అప్పుడు నా కళ్ళలోకి చూసింది. బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడి ఎదుటివాణ్ణి చూసే చూపు. "ఎత్తానాండి?" అంది.

చున్నీ అంచు సర్దుకుని తనే మళ్ళీ అందుకుంది.

"కాలేజీలో పేరు పిలిచినా చెయ్యెత్తుతానండి, పలకను. నేను నోరిప్పితే ఎవరికేమవుద్దో అని బయం. నాకు తప్పయిందని చెప్పడం ఒక లెక్కాండి? మా అమ్మ ప్లాంటులో సూపర్వైజరుకి రోజూ చెప్పుద్దండి. ఇంటికొచ్చాక ఆడిని తిట్టుకుంటూ నవ్వుద్ది. నేనూ అలాగే చెప్పేసి, మళ్ళీ శనివారం బస్సెక్కి ఇంకోటి మాట్లాడేదాన్నండి. ఒక్క మాట అడగాల్సిందండి నన్ను."

నేను ఊరినుంచి బయల్దేరినప్పుడు నా కోపమంతా ఒక్క మనిషి మీదే ఉంది. ఇప్పుడు కాస్త అవతల పచ్చి మట్టి కింద ఉన్నావిడ మీద కూడా వచ్చింది. ఆవిడ లేచొచ్చి దీనికి ఏదో ఒకటి చెప్పాలనిపించింది. రోడ్డు మీద ఆటో ఆగింది. భవాని చున్నీ తల మీంచి తీసి భుజాన వేసుకుని అటు నడిచింది.

ఆటో ఎక్కుతూ వెనక్కి తిరిగి, "ఆ రోజు నా వైపు కూడా మేడం గారే మాట్లాడేసుకున్నారండి" అంది.